విద్యుత్ గిటారులో ధ్వని, నాదగుణ నియంత్రణ



విద్యుత్ గిటారు ముఖభాగాన సాధారణంగా రెండు విధాల నాబ్‌లు కనిపిస్తాయి. ఒకటి వాల్యూం, రెండవది టోన్. వీటిని కుడివైపు తిప్పితే శబ్దం కొత్తగా పుట్టుకొస్తున్నదని చాలామంది భావిస్తారు. బ్యాటరీ లేని సాధారణ గిటారులో ఈ రెండూ దేనినీ పెంచవు. తంత్రుల నుండి వచ్చిన సంకేతంలో ఎంత ఉంచుకోవలెను, ఎంత వదలివేయవలెను అని నిర్ణయించడమే వాటి పని. ఈ ఒక్క సూత్రం గ్రహించినవారికి తక్కిన పాఠమంతా సులభం.

ఇది పాశ్చాత్యుల వాద్యం కదా, మనకెందుకని ఎవరైనా అడగవచ్చును. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఆ ప్రశ్నకు సమాధానం. మాండొలిన్ నాదం మీటిన వెంటనే అణగిపోతుంది; కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకం పలకాలంటే నాదం కొంతసేపు నిలవవలెను. ఆయన విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి, నాలుగు జంట తంత్రులకు బదులు అయిదు ఒంటి తంత్రులు అమర్చుకొని, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేశారు. 1998లో పద్మశ్రీ పొందారు. 2014లో కీర్తిశేషులయ్యారు. ఖవ్వాలీ మేళాలలో 'బ్యాంజో' అని పిలిచే బుల్‌బుల్ తరంగ్‌కు కూడా పికప్ అమర్చి వాయించడం మనకు పరిచితమే. తంత్రులు ఉక్కువై, పికప్ అయస్కాంతానిదై ఉంటే, ఈ పాఠం ఆ వాద్యాలకు సైతం వర్తిస్తుంది.

సంకేతం పుట్టుక

పికప్ అనగా అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టిన చిన్న సాధనం. దానిపై ఉక్కు తంత్రి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో స్వల్పమైన విద్యుత్తు జనిస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. నైలాన్ తంత్రిని అయస్కాంతం గుర్తించదు కనుక అది ఇందుకు పనికిరాదు. అమెరికాలో జార్జ్ బోషాం రూపొందించిన విద్యుత్ గిటారుకు 1937లో పేటెంటు లభించింది. మన బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైనదీ ఆ సంవత్సరమే.

వాల్యూం నియంత్రణ

రేడియో దుకాణంలో 'వాల్యూం కంట్రోల్' అని అడిగితే ఇచ్చే వస్తువు పేరు పొటెన్షియోమీటరు. దానికి మూడు కాళ్లు ఉంటాయి. రెండు చివరి కాళ్ల మధ్య ఒక నిరోధపు పట్టీ, దానిపై జరిగే నడిమి కాలు. నిజాంసాగర్ కాలువను ఉదాహరణగా తీసుకొందాం. ఎగువన తూము తీస్తే నీటి మట్టం ఎక్కువ. చివరికి పోయినకొద్దీ మట్టం తగ్గుతుంది. నడిమి కాలు మనం ఇష్టం వచ్చిన చోటికి జరుపుకోగల తూము వంటిది. ఎగువకు జరిపితే పూర్తి సంకేతం, దిగువకు జరిపితే శూన్యం.

కలిపే విధానం ఇది. పొటెన్షియోమీటరు వెనుక భాగం మనవైపు, కాళ్లు క్రిందికి ఉండునట్లు పట్టుకోవలెను. పికప్ నుండి వచ్చే సంకేతపు తీగ ఎడమ కాలికి. నడిమి కాలి నుండి తీగ జాక్ కొనకు. కుడి కాలిని వంచి లోహపు డొప్పకు టంకం పెట్టవలెను. పికప్ రెండవ తీగ, జాక్ ఒర తీగ కూడా ఆ డొప్పకే చేరవలెను. ఒంటిచుట్ట పికప్‌కు 250 కిలో ఓమ్‌లు, జంటచుట్ట పికప్‌కు 500 కిలో ఓమ్‌లు వాడుక.

వాల్యూంకు లాగ్ రకం తీసుకొనడం మేలు. మన చెవి శబ్దపు హెచ్చుతగ్గులను సమాన భాగాలుగా కాక, రెట్ల లెక్కన గ్రహిస్తుంది. లీనియర్ రకం వాడితే నాబ్ చాలా దూరం తిరిగినా మార్పు తెలియక, చివరలో శబ్దం ఒక్కసారిగా పడిపోతుంది.

టోన్ నియంత్రణ

ఇక్కడ కండెన్సర్ ప్రవేశిస్తుంది. అది హెచ్చు పౌనఃపున్యాలకు సులభంగా దారి ఇస్తుంది, తక్కువ పౌనఃపున్యాలను అడ్డుకొంటుంది. 0.047 మైక్రోఫారడ్ కండెన్సర్ 100 హెర్ట్‌జ్ వద్ద సుమారు 34,000 ఓమ్‌ల అడ్డు కలిగిస్తే, 5,000 హెర్ట్‌జ్ వద్ద ఆ అడ్డు సుమారు 680 ఓమ్‌లు మాత్రమే. కనుక దాని రెండవ కొనను డొప్పకు కలిపితే, సంకేతంలోని కీచుదనం ఆ దారిన జారిపోయి, గంభీరమైన నాదం మిగులుతుంది.

బోధన్ కర్మాగారం 2015లో మూతపడినది. అది నడిచిన కాలంలో చక్కెర, మొలాసిస్‌ల మిశ్రమాన్ని చిల్లుల గిన్నెలో వేగంగా త్రిప్పేవారు. మొలాసిస్ చిల్లుల గుండా వెలికి పోయేది, చక్కెర పలుకులు లోపల నిలిచేవి. కండెన్సర్ సైతం అటువంటి వడపోతే. ఎంత వడపోయవలెనో టోన్ నాబ్ నిర్ణయిస్తుంది.

వాల్యూం ఎడమ కాలి నుండి ఒక తీగను టోన్ పొటెన్షియోమీటరు నడిమి కాలికి కలపవలెను. దాని కుడి కాలి నుండి కండెన్సర్‌ను డొప్పకు కలపవలెను. ఎడమ కాలు ఖాళీగా ఉండవచ్చును. రెండు డొప్పలను ఒక తీగతో జోడించడం మరువరాదు. జంటచుట్ట పికప్‌కు 0.022 మైక్రోఫారడ్ కండెన్సర్ వాడుక.

భూమి తీగ – ప్రాణరక్షణ

తంత్రులను బిగించే బ్రిడ్జి నుండి కూడా ఒక తీగ డొప్పకు చేరుతుంది. మన శరీరం చుట్టుప్రక్కల వైర్ల నుండి గ్రహించే 50 హెర్ట్‌జ్ రొద, తంత్రులను తాకగానే తగ్గడానికి కారణం ఈ తీగే. కాని దీని అర్థం మరొకటి కూడా ఉన్నది. తంత్రులు కేబుల్ ద్వారా ఆంప్లిఫయరు లోహపు పెట్టెకు నేరుగా కలిసి ఉన్నాయి. ఆ పెట్టెకు సరియైన ఎర్త్ లేక, లోపల కరెంటు తగిలితే, తంత్రులు కూడా కరెంటు తీగలే అవుతాయి. ఒక చేయి తంత్రిపై ఉండగా పెదవి మైకును తాకితే, ఆ విద్యుత్తు దేహం గుండా ప్రవహిస్తుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్‌సీలో గిటారు కళాకారుడు లెస్ హార్వే ఎర్త్ సరిగా లేని మైకును తడి చేతులతో తాకి వేదికపైనే మరణించాడు.

పెళ్లి పందిళ్లలో, ఉత్సవ వేదికలపై మూడవ పిన్ను విరిచిన ప్లగ్గులను, సాకెట్టులో నేరుగా గుచ్చిన వైర్లను మనం తరచుగా చూస్తున్నాం. రొద వస్తున్నదని ఎర్త్‌ను తొలగించడం చికిత్స కాదు, అపాయం. వాయించేవారు ముందుగా మూడు పిన్నుల ప్లగ్గును, సాకెట్టులో ఎర్త్ ఉనికిని పరీక్షింపజేయవలెను. మైకు, ఆంప్లిఫయరు ఒకే సాకెట్టు వరుస నుండి తీసుకొనడం, 30 మిల్లీ ఆంపియర్ల వద్ద సరఫరాను తెంచే ఆర్.సి.సి.బి. అమర్చడం ఉత్తమం.

ముగింపు

ఒక సోల్డరింగ్ ఐరన్, కొంత టంకం, ఒక మల్టీమీటరు ఉంటే ఈ పాఠాన్ని ఒక్క మధ్యాహ్నంలో చేతితో నేర్చుకోవచ్చును. గరగర శబ్దం చేస్తున్నదని ఒక వాద్యాన్ని మూలకు నెట్టే ముందు, డొప్ప వద్ద టంకం ఊడినదేమో చూచే అలవాటు మన విద్యార్థులకు రావలెను. కళాశాల సంఘం వారు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో నెలకు ఒక పూట ఇటువంటి పనికి కేటాయిస్తే, విద్యుత్తు పాఠం పరీక్షతో ముగిసిపోదు. వచ్చే వార్షికోత్సవ వేదికకు మన విద్యార్థులే ఎర్త్ పరీక్ష చేయగలుగుతారు.