అన్నమయ్య పాటకు వెర్షన్ హిస్టరీ ఉందా?

'నానాటి బదుకు' వినని వాళ్ళు మన కాలేజీలో తక్కువే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడింది యూట్యూబ్‌లో వినుంటారు. లేకపోతే ఇంట్లో పొద్దున్నే అమ్మమ్మ పెట్టే పాటల్లోనైనా చెవిన పడి ఉంటుంది. అది ఎవరి పాట అంటే అందరం అన్నమయ్యదే అంటాం. సాహిత్యం వరకు ఆ మాట కరెక్టే. కానీ మనం హమ్ చేసే ఆ రేవతి రాగం బాణీ ఇరవయ్యో శతాబ్దంలో కట్టింది. అన్నమయ్య 1503లోనే కన్నుమూశాడు. మరి ఆ పాటలో ఆయనది ఎంత, తర్వాతి వాళ్ళది ఎంత? ఇలాంటి లెక్క తేల్చే పనిని మన పండితులు పరిష్కరణ అంటారు.

పరిష్కరణ అంటే పాత పుస్తకాన్ని మళ్ళీ టైప్ చేసి అచ్చు వేయడం కాదు. దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం పోల్చి, ఏది మూలానికి దగ్గరగా ఉందో నిర్ణయించాలి. మిగతా ప్రతుల్లో ఉన్న తేడాలను కింద ఫుట్‌నోట్స్‌లో చూపించాలి. ఆ తేడాలే పాఠాంతరాలు. గిట్ వాడిన వాళ్ళకు ఇది డిఫ్ లాగే అనిపిస్తుంది. కాకపోతే ఇక్కడ ఏ కమిట్ ముందు, ఏది వెనక అని చెప్పే లాగ్ ఉండదు. ఆ వరుసను పరిష్కర్తే ఆధారాలు చూసుకుని కట్టుకోవాలి.

ఎలా కడతారు? నేనుండే అమీర్‌పేటలో జిరాక్స్ షాపుల్లో చేతిరాత కోర్సు నోట్స్ దొరుకుతాయి కదా. రెండు వేర్వేరు షాపుల్లో కొన్న నోట్స్‌లో, ఒకే ప్రోగ్రామ్‌లో, ఒకే వేరియబుల్ పేరు ఒకే రకంగా తప్పు పడిందనుకోండి. ఇద్దరు విడివిడిగా కూర్చుని అదే వింత తప్పు చేసే అవకాశం చాలా తక్కువ. రెండూ ఒకే నోట్స్ నుంచి వచ్చాయన్నమాట. తాళపత్ర ప్రతుల వంశవృక్షం గీసేది కూడా ఇలా ఉమ్మడి తప్పులను పట్టుకునే.

పాటల్లో ఈ పని ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే షూబర్ట్ మంచి ఉదాహరణ. వియన్నాలో పుట్టిన ఈయన 600కు పైగా జర్మన్ పాటలకు సంగీతం రాశాడు. గోథే కవిత 'ఎర్ల్‌కోనిగ్'కు 1815లో, 18 ఏళ్ళ వయసులో, బాణీ కట్టాడు. తర్వాత దాన్నే మళ్ళీ మళ్ళీ రాశాడు. అలా నాలుగు రూపాలు మిగిలాయి. ఒకదాంట్లో పియానో భాగం మిగతా వాటికన్నా తేలిక. బేరన్‌రైటర్ సంస్థ ప్రచురించే కొత్త షూబర్ట్ సంపుటాల్లో నాలుగింటినీ అచ్చు వేశారు. ఒకటి ఉంచి మూడు డిలీట్ చేయలేదు.

షూబర్ట్ స్వరాలు కాగితం మీద ఉన్నాయి. అన్నమయ్య విషయంలో లేనివి అవే. ఆయన కుటుంబం పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోని సంకీర్తన భాండారంలో దాచింది. రేకు మీద సాహిత్యం ఉంటుంది, రాగం పేరు ఉంటుంది. స్వరాలు ఉండవు. మొత్తం 32,000 పాటలని ఆయన మనవడు చిన్నన్న రాసిన జీవితచరిత్ర చెబుతుంది. మనకు దక్కినవి 12 వేల పైచిలుకు.

ఆ రేకులు ఎవరికీ తెలియకుండా ఏమీ లేవు. ఏ.డి. క్యాంప్‌బెల్ 1816లో వేసిన తెలుగు వ్యాకరణంలోనే వాటి ప్రస్తావన ఉంది. పాత వ్యాకరణ గ్రంథం ఏదైనా దొరుకుతుందేమోనని ఆయన చూపించాడు. తీరా చూస్తే దేవుడి పాటలు తప్ప ఏమీ లేవని తేలింది, అక్కడితో వదిలేశాడు. అవి అచ్చులోకి రావడానికి ఇంకో వందేళ్ళు పైనే పట్టింది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి వాళ్ళు ఒక్కో రేకూ చదివి పరిష్కరించారు.

చదవడం అంటే మామూలు కష్టం కాదు. రేకు మీద పదాల మధ్య ఖాళీలు ఉండవు. నేను కల్పించిన ఒక వాక్యం చూడండి: 'వాడేపాటపాడాడు'. పాడింది వాడేనని చెబుతున్నారా, వాడు ఏ పాట పాడాడని అడుగుతున్నారా? విడగొట్టేవాడి చేతిలో అర్థం మారిపోతుంది. ఇక 'బదుకు' సంగతి. టీటీడీ సంపుటాల్లో ఆ మాట అలాగే ఉంది. ఆన్‌లైన్ లిరిక్స్‌లో మాత్రం 'బతుకు', 'బ్రతుకు' అని దిద్దేశారు. కన్నడలో ఇప్పటికీ బదుకు అనే అంటారు. అది తప్పు కాదు, పాత రూపం. దాన్ని దిద్దితే ఆ కాలం భాషకు ఉన్న ఒక సాక్ష్యం పోతుంది.

బాణీల దగ్గర రాళ్ళపల్లి వారి పద్ధతి నాకు బాగా నచ్చింది. ఆయన చాలా పాటలకు బాణీ కట్టి, స్వరాలతో అచ్చు వేయించారు. సాహిత్యం అన్నమయ్యది, స్వరం తనది అని చదివేవాళ్ళకు స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ కూడా ఎన్నో పాటలను స్వరపరిచారు. వీళ్ళు లేకపోతే చాలా పాటలు మనకు చదువుకునే పద్యాల్లాగే మిగిలేవి.

మొన్న మెట్రోలో అమీర్‌పేటలో ఎక్కి పంజాగుట్టలో దిగేలోపు మూడు వీడియోల డిస్క్రిప్షన్లు చూశాను. మూడింట్లోనూ 'కంపోజర్: అన్నమాచార్య' అనే ఉంది. బాణీ కట్టినవారి పేరు ఒక్కదాంట్లోనే కనిపించింది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌లో కాంట్రిబ్యూటర్ పేరు తీసేస్తే మనం ఊరుకుంటామా? ఇది భక్తికి సంబంధించిన గొడవ కాదు, క్రెడిట్‌కు సంబంధించింది. పైగా రేపు ఎవరైనా పదిహేనో శతాబ్దపు సంగీతం ఎలా ఉండేదో తెలుసుకుందామని ఈ రికార్డింగ్‌లే ఆధారంగా తీసుకుంటే, వాళ్ళు కొలిచేది ఇరవయ్యో శతాబ్దాన్ని.

అందుకే మన క్లబ్‌కు ఒక చిన్న ప్రపోజల్. ఇకమీదట ఈ-పత్రికలో గానీ, ఫెస్ట్ పోస్టర్ మీద గానీ అన్నమయ్య పాట వేస్తే, కింద మూడు లైన్లు పెడదాం: సాహిత్యం ఏ సంపుటంలోంచి తీసుకున్నాం, రేకు మీద రాగం ఏముంది, మనం పాడే బాణీ ఎవరు కట్టారు. మూడోది తెలియకపోతే 'తెలియదు' అనే రాద్దాం. తెలిసినవాళ్ళు చదివి చెబుతారు.