మన మెస్సులో ఎవరి మాటలున్నాయి?



పోయిన నెలలో మెస్సు లైనులో నిలబడి మంచినీళ్లు అడగబోయి, తొందరలో మా సవర మాట అనేశాను. వెనకాల ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. "అదేం భాషరా, పిట్టల భాషా?" అన్నాడొకడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. సాయంత్రం తెలుగు మాస్టారికి చెప్పాను. ఆయన "నువ్వు తినే కాయగూరల పేర్లు ఎక్కడివో ముందు కనుక్కోరా, తర్వాత ఏడుద్దువుగాని" అని లైబ్రరీ తాళం నా చేతిలో పెట్టారు. నేను తెలుసుకున్నవి కింద రాస్తున్నాను.

1. అనాస: మన సీతంపేట కొండల్లో పండే అనాస పుట్టింది దక్షిణ అమెరికాలో. బ్రెజిల్ అడవుల్లోని తూపీ ఆదివాసులు దాన్ని "ననా" అనేవారు. 1500లో పోర్చుగీసువాళ్లు ఓడల మీద అక్కడ దిగారు. పండు తీసుకున్నారు, పేరూ తీసుకున్నారు. వాళ్ల నోట్లో అది "అననాస్" అయ్యింది. మన నోట్లో అనాస అయ్యింది.

2. కాజు: మిఠాయి కొట్లో జీడిపప్పుని కాజు అంటారు కదా! అదీ తూపీల మాటే. వాళ్లు "అకాజు" అనేవారు. మన జీడితోటల చెట్టు కూడా పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిందే.

3. టమాటా: మెక్సికోలోని నహువా అనే ఆదివాసుల మాట "తొమాత్ల్". స్పెయిన్ వాళ్లు దాన్ని "తొమాతే" చేశారు. చివరికి మన చారులోకి వచ్చేసరికి టమాటా!

4. బొప్పాయి: కరీబియన్ దీవుల ఆదివాసుల మాట నుంచి "పపాయ" వచ్చింది. అదే తిరిగి తిరిగి బొప్పాయి అయ్యింది.

5. బంగాళాదుంప: పేరు చూసి బెంగాల్‌లో పుట్టిందనుకున్నాను. కాదు. దాని పుట్టిల్లు పెరూ వైపు ఆండీస్ కొండలు. ఇంగ్లీషులో పొటాటో అంటాం. ఆ మాట కరీబియన్ ఆదివాసుల "బతాత" నుంచి వచ్చింది. వాళ్లకి బతాత అంటే చిలగడదుంప! దుంప మారిపోయినా పేరు అంటుకుపోయింది.

ఇంకా వినండి. మన అలమారా, బాల్చీ, చొక్కా బొత్తాం, గోడ కట్టే మేస్త్రీ, ఇవన్నీ పోర్చుగీసు మాటల నుంచి వచ్చినవే.

ఇప్పుడు చెప్పండి. అనాస అన్నప్పుడు ఎవరైనా నవ్వుతున్నారా? అడవిలో ఉండేవాళ్ల మాటే కదా అది! ఒక్క విషయం మాత్రం నాకు బాధ కలిగించింది. ఆ పాత తూపీ భాషను ఇంట్లో మాట్లాడుకునేవాళ్లు ఇప్పుడు లేరట. పండు పేరు మిగిలింది, భాష పోయింది. మనం నవ్వులకి జడిసి మాట్లాడడం మానేస్తే మన భాషలకీ అదే గతి.

మాస్టారు చివర్లో ఇంకో సంగతి చెప్పారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండగా సవరల దగ్గరే మా భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాష మీద ఒక పుస్తకం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. తెలుగు కోసం అంత పోరాడిన పెద్దమనిషికి మా మాట పిట్టల మాట కాలేదు!

అందుకని నా మనవి. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ అమ్మనో, అవ్వనో అడిగి ఒక్కొక్క మాట రాసుకురండి. సవర, జాతాపు, గదబ, ఏ మాటైనా సరే. వచ్చే సంచికలో వరసగా రాద్దాం. వార్డెన్ గారు రెండు చార్టులు ఎక్కువ ఇప్పించమని కోరుతున్నాను.

మొన్న నవ్వినవాడు కూడా రాయాలి. వాడి అవ్వకీ ఒక భాష ఉంది.

— 9వ తరగతి విద్యార్థి