ఇంజన్ గొంతులో మసి – కడిగే ముందు కనుక్కోవాలి



మేము ఐదుగురం ఈ వసతి గృహంలోనే ఉండి, ఐ.టి.ఐ.లో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు చదివినవాళ్లం. తర్వాత కొండాపూర్ వైపు ఒక షెడ్డులో పని నేర్చుకున్నాము. ఈ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగారు. కవితలు, కథలు రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కదా, మన చేతికి అంటిన మసి గురించే రాద్దామని అనుకున్నాము. ఇది మోటారు పని నేర్చుకోబోయే తమ్ముళ్లకు పాఠంగా ఉపయోగపడితే మాకు అంతే చాలు.

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతమంతా అద్దాల మేడలతో నిండిపోయింది. ఆ మేడలలో పనిచేసేవారిని రాత్రనక పగలనక ఇంటి నుండి ఆఫీసుకు, ఆఫీసు నుండి ఇంటికి చేర్చే క్యాబ్‌లు వేలకొద్దీ తిరుగుతున్నాయి. మా షెడ్డుకు వచ్చే బండ్లలో ఎక్కువ అవే.

ఒక డ్రైవరన్న కథ

ఒకరోజు ఒక డ్రైవరన్న డీజిల్ కారు తెచ్చాడు. "ఉస్తాద్, బండి గుంజుతలేదు. ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఏడుస్తున్నది. వెనకంగ నల్లపొగ" అన్నాడు. అంతకుముందు చూపించిన చోట నాలుగు నాజిళ్లూ పోయాయి, కొత్తవి వేయాలి అన్నారట. అది అతని నెల సంపాదన కంటే ఎక్కువ. అప్పు కోసం తిరిగి, ఆఖరి మాటగా మా దగ్గరికి వచ్చాడు.

మా ఉస్తాద్ కొత్త నాజిళ్ల మాటే ఎత్తలేదు. నాజిళ్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు తగిలించి ఇంజన్ స్టార్ట్ చేయించారు. కొద్దిసేపటికి నాలుగు సీసాలలోనూ డీజిల్ దాదాపు ఒకే మట్టానికి వచ్చింది. ఒక నాజిల్ లోపల లీకైతే దాని సీసా ముందుగా నిండేది. స్కానర్‌లో కూడా నాలుగు సిలిండర్ల సవరణ అంకెలు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. తర్వాత ఈజీఆర్ వాల్వు విప్పి చూపించారు. లోపల తారులాంటి నల్లటి ముద్ద. వాల్వు మూతపడకుండా సగంలో ఇరుక్కుపోయి ఉంది. దానిని, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను శుభ్రం చేసి, కొత్త గ్యాస్కెట్లు వేసి బిగించాము. సాయంత్రానికి ఆ అన్న డ్యూటీకి వెళ్లిపోయాడు. అప్పు చేయలేదు.

ఆ రోజు మేము నేర్చుకున్నది ఒక్కటే: మసి ఎక్కడ ఉందో తెలియకుండా మందు వేయకూడదు.

మసి ఎందుకు పడుతుంది?

పెట్రోలు ఇంజన్‌లో ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి వచ్చే దారి ఇరుకైనా, ఇంధనం సన్నని తుంపరగా కాకుండా ధారగా పడినా ఆ లెక్క తప్పుతుంది.

మసికి ముఖ్యంగా మూడు మూలాలు ఉన్నాయి.

1. క్రాంక్‌కేస్ ఆవిరి: పిస్టన్ రింగుల పక్కనుండి కొంత వాయువు కిందికి జారి, ఇంజన్ ఆయిల్ ఆవిరితో కలుస్తుంది. దానిని బయటికి వదలకుండా మళ్లీ గాలి దారిలోకే పంపుతారు. ఆ జిడ్డు గోడలకు అంటుకుంటుంది.

2. ఈజీఆర్: నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గడం కోసం సైలెన్సర్ వైపు వెళ్లే పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపుతారు. డీజిల్ పొగలోని మసి పైన చెప్పిన జిడ్డుతో కలిస్తే తారు తయారవుతుంది.

3. నాజిల్ మొనపై మిగిలిన ఇంధనం: బండి ఆపగానే చల్లని గాలి, ఇంధనం రావడం ఆగిపోతుంది. కాని ఇంజన్ వేడి అలాగే ఉంటుంది. నాజిల్ మొనపై ఉన్న చుక్క ఆవిరై, బంకలాంటి పొర మిగులుతుంది. రోజుకు పదిసార్లు ఆపి, స్టార్ట్ చేసే బండికి ఇది ఎక్కువ.

మన ఐ.టి. ప్రాంతం క్యాబ్ పరిస్థితి ఆలోచించండి. సిగ్నల్ దగ్గర నిలబడడం, పది అడుగులు కదలడం, మళ్లీ నిలబడడం. ఆఫీసు గేటు ముందు ఏసీ వేసుకుని ఐడిలింగ్‌లో ఎదురుచూడడం. మసి పేరుకోవడానికి ఇంతకంటే అనుకూలం ఏముంటుంది?

ఇంజన్ రకాన్ని బట్టి మసి

ఎం.పి.ఎఫ్.ఐ. పెట్రోలు ఇంజన్: ఇందులో నాజిల్ ఇన్‌టేక్ వాల్వుకు వెనుక ఉంటుంది. పీడనం సుమారు 3 నుండి 4 బార్లు. పెట్రోలు వాల్వు మీదే పడుతుంది కాబట్టి వాల్వును కడుగుతూ ఉంటుంది. ఇక్కడ ఎక్కువగా నల్లబడేది థ్రాటిల్ బాడీ.

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజన్: ఈమధ్య వచ్చే టర్బో పెట్రోలు కార్లలో చాలావాటికి ఇదే పద్ధతి. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి, వంద బార్లకు మించిన పీడనంతో పడుతుంది. ఇన్‌టేక్ వాల్వు మీద పెట్రోలు పడదు. అందువల్ల అక్కడి జిడ్డు ఎండి గట్టిపడుతుంది. ట్యాంకులో పోసే డబ్బా మందు నాజిల్‌ను కొంత శుభ్రం చేయగలదేమో గాని, ఆ వాల్వులను చేరనే చేరదు. ఈ చిన్న విషయం తెలియక ఎంతోమంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

కామన్ రైల్ డీజిల్ ఇంజన్: పీడనం 1,600 నుండి 2,000 బార్ల దాకా వెళ్తుంది. ఇక్కడ మసికి నిలయం ఈజీఆర్ వాల్వు, ఇన్‌టేక్ మానిఫోల్డ్.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బీఎస్-6 ఇంధనం వచ్చింది. బీఎస్-4లో పది లక్షల భాగాలకు 50 వరకు ఉండే గంధకం 10కి తగ్గింది. ఇంధనం మెరుగుపడింది కాని, ఇంజన్ ఆయిల్ ఆవిరి, ఈజీఆర్ మసి మాత్రం అలాగే ఉన్నాయి.

ముందు పరీక్ష, తర్వాత పానా

బండి మిస్సింగ్ కొట్టగానే నాజిల్ క్లీనింగ్ అనకూడదు. తక్కువ ఖర్చుతో తేలేవి ముందుగా చూడాలి. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్, ఎక్కడైనా గాలి పీల్చే పగిలిన గొట్టం, చివరిసారి ఇంధనం ఎక్కడ పోయించారు అన్న ప్రశ్న. తర్వాత స్కానర్ పెట్టి ఫ్యుయల్ ట్రిమ్ చూడాలి. అది చాలాసేపు ప్లస్ 10 శాతం దాటి ఉంటే ఇంజన్‌కు ఇంధనం చాలడం లేదని, లేదా లెక్కలో లేని గాలి లోపలికి వస్తోందని అర్థం. కంప్రెషన్ కూడా చూడాలి. రింగులు అరిగిన ఇంజన్‌ను ఎంత కడిగినా పికప్ రాదు.

శుభ్రం చేసే పద్ధతులు

థ్రాటిల్ బాడీ: దానికోసమే తయారైన క్లీనర్‌ను మెత్తని గుడ్డపై చల్లి తుడవాలి. గాలిని కొలిచే సెన్సర్‌కు ఈ క్లీనర్ వాడకూడదు, దానికి వేరే ఉంటుంది. లోపలి సన్నని తీగను ముట్టుకోకూడదు.

పెట్రోలు నాజిళ్లు: పీడనం దించి, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, నాజిళ్లు విప్పాలి. అల్ట్రాసోనిక్ తొట్టెలో శుభ్రం చేసి, టెస్ట్ బెంచీ మీద నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. తుంపర ఆకారం సమంగా ఉందా, పరిమాణం సమానమా, మూసినప్పుడు చుక్క కారుతోందా? ఓ-రింగులు తప్పక మార్చాలి.

డైరెక్ట్ ఇంజెక్షన్ వాల్వులు: మానిఫోల్డ్ దించి, శుభ్రం చేసే సిలిండర్ ఇన్‌టేక్ వాల్వులు మూసి ఉన్నాయని నిర్ధారించుకుని, అక్రోటు పెంకుల నూకను గాలి ఒత్తిడితో కొట్టి, వాక్యూమ్‌తో లాగేస్తారు. పెంకు మసిని రాలుస్తుంది గాని లోహాన్ని గీకదు.

డీజిల్ ఈజీఆర్, మానిఫోల్డ్: విప్పి, గోకి, ద్రావణంలో నానబెట్టాలి. మోటారు, కనెక్టరు ఉన్న భాగాన్ని ముంచకూడదు. నడుస్తున్న డీజిల్ ఇంజన్ గాలి దారిలోకి మండే స్ప్రే కొట్టడం మహా ప్రమాదం. ఆ స్ప్రే ఇంధనంలా మండి ఇంజన్ అదుపు తప్పవచ్చు.

మేము చేసిన తప్పు

ఒక పెట్రోలు కారుకు థ్రాటిల్ బాడీ తుడిచేటప్పుడు మేము ఆ రేకును వేలితో గట్టిగా నెట్టాము. అది ఎలక్ట్రానిక్ థ్రాటిల్. బిగించాక ఐడిలింగ్ పైకీ కిందికీ ఊగిపోయింది. ఉస్తాద్ కోప్పడలేదు. "బేటా, మసి పోయింది, కాని కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు కదా" అన్నారు. మసి ఉన్నప్పటి లెక్కనే కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది. స్కానర్‌తో ఐడిల్ మళ్లీ నేర్పించాక బండి సర్దుకుంది. రేకు పాడు కాకపోవడం మా అదృష్టం. ఆ బండి యజమానికి జరిగింది చెప్పి, క్షమించమని అడిగాము. ఆయన మరుసటి నెల మళ్లీ మా దగ్గరికే వచ్చారు.

మన ఒంటి జాగ్రత్త

చేతి తొడుగులు, కళ్లజోడు, మాస్కు లేకుండా మసి దులపవద్దు. వేడి ఇంజన్ మీద స్ప్రే కొట్టవద్దు. అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. డీజిల్ రైలు పైపును ఇంజన్ నడుస్తుండగా విప్పవద్దు, లీకును వేలితో వెతకవద్దు. ఆ పీడనంతో వచ్చిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూదిపోటంత కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. చేతులు కడుక్కోకుండా అన్నం తినవద్దు.

డ్రైవరన్నలకు చెప్పవలసినవి

సరైన గ్రేడు ఆయిల్‌ను గడువులోగా మార్చాలి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంచాలి. అనవసరంగా ఐడిలింగ్‌లో ఉంచకూడదు. వారానికోసారైనా 158 కిలోమీటర్ల మన ఔటర్ రింగ్ రోడ్డు మీద వీలైనంత దూరం, అనుమతించిన వేగంలో, నిలకడగా నడిపితే ఇంజన్ పూర్తిగా వేడెక్కి కొత్త మసి పడడం తగ్గుతుంది. ఇప్పటికే గట్టిపడిన మసి మాత్రం దీనితో పోదు.

తమ్ముళ్లారా, మనలో చాలామంది రోజు కూలి విలువ తెలిసిన ఇళ్లనుండి వచ్చినవాళ్లమే. బండి ఒకరోజు షెడ్డులో నిలబడితే డ్రైవరన్న ఇంట్లో ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అవసరం లేని పార్టు అమ్మితే ఆరోజు జేబు నిండవచ్చు. కాని మనం నేర్చుకున్న పనికి గౌరవం ఉండదు. అందుకే విప్పే ముందు పరీక్షించండి, విప్పిన పాత పార్టును యజమాని చేతికిచ్చి చూపించండి. ఇంజన్‌లో మసి పడితే కడగవచ్చు, మన మాట మీద పడితే కడగడం కష్టం.