పేర్లను కాలమ్‌లోకి తెచ్చాకే ఫైలు పంపండి

జిల్లా, మండలం వారీగా అమ్మకాలు కూడి, నెలాఖరు రిపోర్టును సీఎస్‌వీ ఫైలుగా పంపారు. అవతలివాళ్లు తెరిచి చూస్తే మొత్తాలు ఉన్నాయి. ఏది ఏ మండలానిదో లేదు. పైథాన్‌లో పట్టికల పనికి వాడే పాండాస్‌తో పని మొదలుపెట్టిన కొత్తలో నాకూ ఇలాగే అయింది.

గ్రూప్‌బై చేసి కూడితే జిల్లా, మండలం పేర్లు మామూలు కాలమ్‌లుగా మిగలవు, ఇండెక్స్‌లోకి వెళ్లిపోతాయి. తెరమీద ఎడమ పక్కన కనబడతాయి గనుక కాలమ్‌లే అనుకుంటాం. ఫైలు రాసేటప్పుడు అలవాటు కొద్దీ ‘ఇండెక్స్=ఫాల్స్’ అని పెట్టగానే అవి రాలిపోతాయి.

పేర్లూ మొత్తాలూ కలిపి కావాలంటే ‘రీసెట్_ఇండెక్స్’ వాడండి. ఇంకో పట్టికతో సరిచూడడానికి పేర్ల జాబితా ఒక్కటే చాలనుకుంటే, ఇండెక్స్ మీదే ‘టు_ఫ్రేమ్’ పిలవండి. రెండు అంతస్తుల ఇండెక్స్ రెండు కాలమ్‌ల పట్టికగా వస్తుంది.

టు_ఫ్రేమ్‌తో రెండు జాగ్రత్తలు. ఏమీ చెప్పకపోతే అది పాత ఇండెక్స్‌ను కూడా అలాగే ఉంచుతుంది. అప్పుడు ‘జిల్లా’ ఇండెక్స్‌లోనూ ఉంటుంది, కాలమ్‌గానూ ఉంటుంది. ఆ పేరుతో మళ్లీ గ్రూప్ చేయబోతే ఇండెక్స్‌లోదా, కాలమ్‌లోదా తేలక పాండాస్ ఎర్రర్ ఇస్తుంది. అందుకే ఇక్కడ మాత్రం ‘ఇండెక్స్=ఫాల్స్’ పెట్టాలి. ఫైలు రాసేటప్పుడు పేర్లను పోగొట్టిన మాటే ఇక్కడ పట్టికను శుభ్రంగా ఉంచుతుంది. రెండోది, పేరు లేని ఇండెక్స్ అయితే కాలమ్ తలమీద 0 అని పడుతుంది. ‘నేమ్’ దగ్గర పేరు మీరే ఇవ్వండి. ఎన్ని అంతస్తులుంటే అన్ని పేర్లు.

మండలం పేరు ఉంది కదా, జిల్లా ఎందుకని వదిలేయకండి. మద్దూరు మండలం నారాయణపేట జిల్లాలో ఉంది, సిద్దిపేట జిల్లాలోనూ ఉంది. జిల్లా కాలమ్ లేకపోతే ఒక మద్దూరు లెక్క ఇంకో మద్దూరు ఖాతాలో పడుతుంది. అది ఎర్రర్‌గా కనబడదు, తప్పు అంకెగా మీటింగు దాకా వెళుతుంది.

పంపేముందు ఆ ఫైలునే మళ్లీ తెరవండి. వరుసల సంఖ్య సరిపోయిందా, ప్రతి మొత్తం పక్కనా జిల్లా, మండలం రెండూ ఉన్నాయా చూడండి. మీ తెరమీద ఉన్నది అవతలివాళ్లకు కనబడదు, ఫైల్లో ఉన్నదే కనబడుతుంది.