పరీక్ష చేయించుకోండి – పుట్టబోయే బిడ్డను కాపాడుకోండి

దంపతులారా!

నెల తప్పగానే ఇద్దరూ ఆరోగ్య కేంద్రానికి వచ్చి హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ కేంద్రాల్లో ఇది ఉచితం. ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. "మాకేం జబ్బు లేదుగా, పరీక్షెందుకు?" అనుకోకండి. ఈ క్రిమి ఏళ్ల తరబడి పైకి కనబడకుండా ఉండగలదు.

తల్లికి హెచ్.ఐ.వి. ఉంటే గర్భంలో గాని, కాన్పులో గాని, చనుబాల ద్వారా గాని బిడ్డకు సోకవచ్చు. మందులు వాడకపోతే నూరుమంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి సోకుతుంది. సక్రమంగా వాడితే అయిదుగురికి లోపే.

ఉందని తేలితే:

1. తల్లి ఎ.ఆర్.టి. మాత్రలు వెంటనే మొదలుపెట్టాలి. రోజూ వేసుకోవాలి. కాన్పయ్యాక కూడా మానరాదు. ఇవి జీవితాంతం వాడాల్సిన మందులు.
2. కాన్పు ఆస్పత్రిలోనే జరగాలి.
3. బిడ్డకు పుట్టగానే మందు మొదలుపెట్టి, డాక్టరు చెప్పినన్నాళ్లు, కనీసం 6 వారాలు పట్టించాలి.
4. తల్లిపాలు ఇస్తుంటే 6 నెలల దాకా అవే ఇవ్వాలి. పోతపాలు, నీళ్లు, తేనె కలపరాదు.
5. 6 వారాలకు బిడ్డకు పరీక్ష చేయించాలి.

భర్తలకు ఒక మాట: ముందుగా భార్యకు బయటపడినంత మాత్రాన తప్పు ఆమెది కాదు. మీరూ పరీక్ష చేయించుకోండి. నిరోధ్ వాడండి. ఆమె మాత్ర మరువకుండా చూడండి.

నేటి పరీక్షే రేపటి బిడ్డకు రక్ష!