మీ అమ్మాయి తరఫున వార్డెన్ సంతకం చెల్లదు

ప్రశ్న: మా పాప సంక్షేమ హాస్టల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఏదో మందు మీద పరిశోధన అట, పిల్లలందరికీ ఇస్తారట. కాగితం మీద వార్డెన్ సంతకం చాలంటున్నారు. ప్రభుత్వ సంస్థ కూడా ఉంది కదా, భయమెందుకు అంటున్నారు. మేం వద్దనవచ్చా?

జవాబు: నిస్సందేహంగా వద్దనవచ్చు. పరిశోధన అయితే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. ప్రభుత్వ సంస్థ ఉందన్న ధీమా మాత్రం వద్దు. ఎందుకో ఖమ్మం ఉదంతం చెబుతుంది.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, సుమారు 14 వేల మందికి, హెచ్‌పీవీ టీకా వేశారు. టీకాను మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ కార్యక్రమం నడిపింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేయి కలిపాయి. కొందరు బాలికలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా అది. దానిమీద అపనమ్మకం పెంచడం నా ఉద్దేశం కాదు.

తప్పు వేరేచోట ఉంది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి, 1,948 మీద వేలిముద్రలున్నాయి. టీకాను జాతీయ కార్యక్రమంలోకి చేర్చి కంపెనీలకు లాభం చేకూర్చడమే అసలు లక్ష్యమని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తేల్చింది, ఐసీఎంఆర్ తీరునూ గట్టిగా తప్పుపట్టింది. పాథ్ ఒప్పుకోలేదు. నన్ను కలచివేసేది ఒక్కటే: కంపెనీని నిలదీయాల్సిన సంస్థే భాగస్వామి అయితే ఆ పిల్లల పక్షాన అడిగేవారెవరు? ఈ వ్యవహారం మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులోనే, పార్లమెంటు సంఘాల నివేదికలను కోర్టులు పరిగణనలోకి తీసుకోవచ్చని 2018లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

ఇప్పుడు మీ సంగతి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం వివరాలు మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువురాని వారైతే ఏ పక్షానికీ చెందని సాక్షి దగ్గరుండాలి. నింపిన సమ్మతి పత్రం నకలు మీకివ్వాలి. ఊహ తెలిసిన పిల్లల అంగీకారమూ అడగాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ట్రయల్‌లో హాని జరిగితే వైద్యం ఉచితం. ట్రయల్ వల్లే జరిగిందని తేలితే పరిహారమూ ఇవ్వాలి. అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో, ఆ ట్రయల్‌తో సొంత ప్రయోజనం ముడిపడి ఉన్న సభ్యులు ఓటు వేయకూడదు.

‘ఇది ట్రయల్ కాదు, పరిశీలన మాత్రమే’ అంటే సరేనని ఊరుకోకండి. ఖమ్మంలో అన్నదీ అదే. సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదైందా అని అడగండి. డబ్బూ మందూ ఎవరిచ్చారో అందులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

ఆ ప్రభుత్వ సంస్థకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కంపెనీతో చేసుకున్న ఒప్పందం, ఎథిక్స్ కమిటీ మినిట్స్, సభ్యుల ప్రయోజనాల ప్రకటనల నకళ్లు కోరండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. వాణిజ్య రహస్యమని నిరాకరిస్తే, సెక్షన్ 8(2) కింద ప్రజాప్రయోజనాన్ని చూపి మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి. ఈలోగా హాస్టల్ వార్డెన్‌కు ‘మా సమ్మతి లేదు’ అని రాసిచ్చి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి.