ఆ నీడ ఎక్కడిది?

గ్రహణం పాఠంలో ప్రచ్ఛాయ, పాక్షిక ఛాయ బొమ్మలు వెయ్యనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. నగరం వీధుల్లో ఒంటరి మనుషుల్ని ఫోటో తీసేవాళ్లకి ఆ పాఠమే పెట్టుబడి.

సూర్యుడు మనకు చుక్కలా కాక, సుమారు అర డిగ్రీ వెడల్పున్న బిళ్లలా కనబడతాడు. అందుకే నీడ అంచు కత్తితో కోసినట్టుండదు. నీడ వేసే వస్తువు ఎంత దూరంలో ఉందో, అందులో దాదాపు 110వ వంతు మసక అంచున ఉంటుంది. గోడకి 10 మీటర్ల దూరంలో ఉన్న మేడ నీడైతే మసక 9 సెంటీమీటర్లు. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ మనిషంత, 15 డిగ్రీలకి దిగితే మూడున్నర రెట్లు పైనే. (మా నాన్న త్రికోణమితి చదవకుండానే పొలంలో నీడ చూసి టైం చెప్తాడు.)

ఇక ఫిల్ము సంగతి. కన్ను ఎండకీ నీడకీ సర్దుకుంటుంది, ఫిల్ము అంతగా సర్దుకోలేదు. ఎండ పడ్డ గోడకి సరిపడా ఎక్స్‌పోజరు ఇస్తే నీడలో ఉన్న కిటికీలూ, బోర్డులూ, మనుషులూ నలుపులో మునిగిపోతారు. ఎండలో ఉన్న ఒక్కడే మిగులుతాడు. అంటే బొమ్మలో కనిపించే ఒంటరితనంలో సగం ఎక్స్‌పోజరు చేసిన పనే! మా ఊరి నుంచి వలస పోయిన కూలీని అలా తీస్తే, చూసినవాళ్లు పాపం ఒంటరివాడనుకుంటారు. పక్కనే నీడలో మనవాళ్లు నలుగురు ఉండొచ్చు.

ఈ విద్యలో చెయ్యి తిరిగినవాడు ఫాన్ హో. 1931లో షాంఘైలో పుట్టి, 1949లో హాంకాంగ్ చేరి, రోలైఫ్లెక్స్ కెమెరాతో అక్కడి వీధులు తిరిగారు. 2016లో కన్నుమూశారు. ఆయన 1954లో తీసిన 'అప్రోచింగ్ షాడో' చాలా పేరుపొందింది. పెద్ద తెల్ల గోడ, దాన్ని ఆనుకుని తలవంచిన ఒక అమ్మాయి, ఐమూలగా ఆమె వైపు దిగే నల్లని నీడ. ఆ అమ్మాయి ఆయన బంధువే, చెప్పి నిలబెట్టారు. నీడ గోడ మీద పడనే లేదు, డార్క్ రూములో వేశారు.

ఇది మోసమా? ల్యాబులో రాని రీడింగు రాసుకుంటే రికార్డు కొట్టేస్తారు. వార్తగా అచ్చువేస్తే ఫోటోకీ అదే న్యాయం. అయితే ఆయన దాన్ని వార్తగా ఇవ్వలేదు, నీడ వేసిన సంగతి తానే చెప్పారు కూడా. కాబట్టి ఆ బొమ్మతో నాకు పేచీ లేదు. నిజం మనుషుల్ని నలుపులో ముంచి, ఆ మాట చెప్పని ఫోటోలతోనే పేచీ.

లెక్క సరిచూడాలంటే సాయంత్రం ఏదైనా వాటర్ ట్యాంకు నీడ పడే గోడ దగ్గరికి స్కేలు పట్టుకెళ్లండి. అంచు మసకని కొలిచి 110తో హెచ్చిస్తే ట్యాంకు దూరం వస్తుంది. ఎండ గోడ మీద ఏటవాలుగా పడితే మాత్రం కాస్త ఎక్కువ చూపిస్తుంది.